మొగులమ్మ చేను

తమ్ముడు శివయ్య నోరు మూసుకొని ఉంటే తన కొంప మునిగేది కాదని జంగప్ప పొద్దున్నే పళ్ళు తోముకుంటూ రోజూ తిట్టుకునేవాడు.

ఎనభై మూడులో పట్నం డాక్టర్లు జీపులో తాండూరు పక్కనున్న ఆ ఊరికి వచ్చారు. మూర్ఛ వంశాల్లో ఎట్లా దిగుతుందో పరిశోధిస్తున్నారట. శివయ్య వాళ్ళను కూర్చోబెట్టి, నాయనమ్మ మొదలు చెల్లెలు మొగులమ్మ దాకా ఎవరెవరికి మూర్ఛ వచ్చేదో చెప్పి, ఇంటిల్లిపాది చేత నెత్తురు ఇప్పించాడు. పేర్లు బయటపెట్టబోమని డాక్టర్లు మాటిచ్చారు. కానీ వాకిట్లో జీపును ఊరంతా చూసింది. జంగప్ప కూతురు మనోరమకు కొడంగల్‌లో కుదిరిన సంబంధం తప్పిపోయింది.

జంగప్ప వేరుపడ్డాడు. పెళ్ళికాని మొగులమ్మకు తండ్రి విడిచిన చేను, ఆమెకు అన్నం పెట్టేవాడిదేనని పెద్దమనుషులు తేల్చారు.

"చెల్లె వద్దు, చేను వద్దు. గా రోగం వాని ఇంట్లనే ఉండనీ" అని జంగప్ప వాకిట్లో బండలతో అడ్డగోడ లేపాడు.

కొన్నాళ్ళకు ఒకరోజు మోమిన్‌పేట్ నుంచి ఎంకయ్య తన కొడుక్కి పిల్లను చూడడానికి వచ్చాడు. చాయ్ తాగుతూ మెల్లగా అడిగాడు.

"మీ ఇంట్ల ఎవలకన్న ఫిట్స్ గిట్ల ఉన్నయా జంగప్పా?"

"మాకు లెవ్వు. గోడ అవతలోళ్ళకు ఉన్నయి. వాళ్ళకు మాకు పొత్తు లేదు."

మనోరమ చేతిలో పళ్ళెం కిందపెట్టింది.

"అవతల ఉన్నది మా మేనత్త, మామా. నన్ను సాకింది ఆమెనే. నాకైతే రాలే. రేపు నా పిల్లలకు వస్తదో రాదో డాక్టర్లకే తెల్వదంట. తెలిసి చేసుకుంటే చేసుకోండ్రి."

"నీ నోరు పడిపోను!" జంగప్ప లేచాడు.

"గోడ కట్టినవ్ గని, నా నెత్తురు ఎట్ల పంచుతవ్ నాయినా?"

ఎంకయ్య కండువాతో మూతి తుడుచుకున్నాడు. "ఇంట్ల అడిగి చెప్త" అంటూ బస్సుకు బయలుదేరాడు.

గోడ అవతలి నుంచి మొగులమ్మ గొంతు వినిపించింది. "ఎందుకు చెప్పినవే బిడ్డా? 'మా అత్త సచ్చిపోయింది' అంటే అయిపోతుండె గద!"

ఆ మాట విని జంగప్ప బయటికి నడిచాడు. వీధంతా చుట్టి తమ్ముడి గడపలో నిలబడ్డాడు.

"మా ఇంటి తొవ్వ యాదికున్నదా అన్నా?" అన్నాడు శివయ్య.

జంగప్ప లోపలికి పోయాడు. చెల్లెలి ముందు కూలబడి, చిన్నప్పుడు మూర్ఛకని వాత పెట్టిన మచ్చ ఉన్న ఆమె చేతిని పట్టుకొని ఏడ్చాడు.

"ఇంటికి పోదాం రా చెల్లె."

ఆ రాత్రి మొగులమ్మ మనోరమ పక్కన కూర్చొని తిన్నది. ఎంకయ్య కబురు రానేలేదు. చేను మాత్రం అప్పటికే శివయ్య పేర రిజిస్ట్రీ అయింది. ఇమ్మని జంగప్ప అడగలేదు, ఇస్తానని శివయ్య అనలేదు. పోయింది రెండెకరాల పదకొండు గుంటల నల్లరేగడి.