మూడొందల పన్నెండు పేర్లు

దోహాలోని అబూ హమూర్‌లో ఏజెంట్ ఇమామ్ కారు బాంబుకి తునాతునకలైన మర్నాడే, సాక్షిని కాపాడే అతని డ్యూటీ ఏజెంట్ నాగూర్ నెత్తిన పడింది.

"చంపింది వోల్నియా సర్కారు ముఠా," ఫోన్లో అన్నాడు చీఫ్. "యుద్ధంలో పొరుగుదేశపు పిల్లల్ని ఎత్తుకుపోయి, పేర్లు మార్చి, తమ పిల్లలేనని సర్టిఫికెట్లు పుట్టించారు. ఆ పిల్లల్ని అప్పగించేదాకా వోల్నియా దేశపు ఆస్తులన్నీ స్తంభింపజేసే బిల్లు మీద ఐరోపాలో ఒక పార్లమెంట్ ఈరోజు ఓటు వేస్తుంది. సాక్ష్యం పన్నెండున్నరకి, వీడియోలో. సాక్షి లేకపోతే బిల్లు గోవిందా."

సాక్షి పేరు కమలాదేవి. ఊరు అమలాపురం. దోహా క్యాటరింగ్ కంపెనీ ఆమెను ఆ పిల్లల్ని ఉంచిన వోల్నియా హాస్టల్‌కి వంటమనిషిగా పంపింది. అక్కడ పిల్లలు ఏడుస్తూ చెప్పిన అసలు పేర్లు, మూడొందల పన్నెండూ, ఆవిడ తెలుగులో నోట్‌బుక్కులో రాసుకుంది. మసాలా లెక్కలనుకుని గార్డులు వదిలేశారు. బుర్రంటే అదీ!

ఖతార్ ఉత్తరపు కొసన మదీనత్ అల్ షమాల్‌లో సాక్షిని దాచిన విల్లాకి నాగూర్ హౌస్ డ్రైవర్ వేషంలో చేరేసరికి పన్నెండు దాటింది. జూలై ఎండ నిప్పులు చెరుగుతోంది. గేటు ముందు హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు రోడ్డు తవ్వుతున్నారు.

"కేబుల్ పనివాళ్ళు. పర్మిట్ నేనే చూశాను," గేటు దగ్గరికొచ్చి అంది ఫర్హా. సాక్ష్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చే ఇంటర్‌ప్రెటర్. వోల్నియా వాళ్ళ గుట్టు మనకు మోసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే ఎంతటివాడైనా కాసేపు డ్యూటీ మరిచిపోతాడు. నాగూర్ కూడా మరిచిపోయాడు, అబద్ధమెందుకు.

వీధి చివర రోడ్డు కంపెనీ బస్సు నీడలో కూలీలంతా కునుకు తీస్తున్నారు. ఆ తేడా కంట్లో పడి నాగూర్ కారు తిప్పి అక్కడ ఆపాడు.

"వాళ్ళెవరప్పా, ఈ ఎండలో తవ్వుతాండారు?"

వాళ్ళలో ఒకడు, జగిత్యాల గంగన్న, ఒక కన్ను తెరిచాడు. "మా గ్యాంగోల్లు కాదన్నా. జూలైల పదింటికెల్లి మూడున్నర దాకా ఎండల పని బంద్. సర్కారు రూలు. గీ టైంల పర్మిట్ ఎవ్వడిస్తడు?"

నాగూర్ కారు మళ్ళీ విల్లా వైపు తిప్పాడు. పర్మిట్ చూశానంది ఫర్హా! ఇమామ్‌ని పట్టిచ్చింది కూడా ఆమేనా? గేర్ మార్చి యాక్సిలరేటర్ తొక్కాడు.

ల్యాండ్ క్రూయిజర్ బారికేడ్లను తెంచుకుని మొదటివాణ్ణి గోడకేసి నలిపేసింది. రెండోవాడు గోతిలోంచి మెషిన్‌గన్ లేపాడు. అద్దం పగిలింది. నాగూర్ ఎడమ భుజంలోంచి తూటా దూసుకుపోయింది. సీటు కింది పిస్టల్ అందుకుని రెండుసార్లు కాల్చాడు. గొంతు చీలి వాడు తాను తవ్విన గోతిలోనే కూలాడు.

నాగూర్ విల్లాలోకి ఉరికాడు. వంటింట్లో ల్యాప్‌టాప్‌లోంచి సభ ఛైర్మన్ గొంతు వినిపిస్తోంది. "సాక్షి హాజరు కాకుంటే విచారణ ముగిస్తాం. ముప్పై సెకన్లు."

ఫర్హా పిస్టల్ కమలాదేవి కణతకు ఆని ఉంది. "గన్ పడెయ్, నాగూర్. యల్లా, త్వరగా!"

నాగూర్ పడేశాడు. ఇరవై సెకన్లు.

కమలాదేవి చెయ్యి స్టవ్ వైపు పాకింది. మరుగుతున్న కరక్ చాయ్ గిన్నె ఎత్తి ఫర్హా ముఖాన కుమ్మరించింది. అరుపు, తూటా ఒకేసారి. పైకప్పు పెచ్చు రాలింది. నాగూర్ ఫర్హా మణికట్టు విరిచి, అదే పిస్టల్‌తో ఆమె గుండెల్లో కాల్చాడు.

"అయిదు సెకన్లు."

కమలాదేవి నెత్తురు చిందిన నోట్‌బుక్ తీసి మైక్ నొక్కింది. "మిలా, ఆరేళ్ళు. తారిస్, నాలుగు. వాళ్ళ చెల్లి యానా, పాలు తాగే పిల్ల..."

ఇంటర్‌ప్రెటర్ చచ్చింది గానీ, పేర్లకు అనువాదం అక్కర్లేదు. అవతల సభలో ఎవరో వెక్కి ఏడవడం వినిపించింది. నాగూర్ భుజం పట్టుకుని గోడకు జారగిలబడ్డాడు. అతని కళ్ళూ తడిశాయి.

మూడింటికి చీఫ్ ఫోన్ చేశాడు. నాగూర్ స్పీకర్ ఆన్ చేశాడు. బిల్లు నెగ్గింది.

"అయితే వోల్నియా మంత్రి ఖండించాడు," అన్నాడు. "తమ దగ్గర అసలు పిల్లలే లేరంటున్నాడు."

నాగూర్ భుజానికి కట్టు కడుతున్న కమలాదేవి తలెత్తింది.

"లేరాండీ? మరి రెండేళ్ళు రోజూ నేను జావ కాచింది ఎవరికండీ, ఆ మంత్రిగారికా?"