లప్పం పెట్టిన తొట్టి పడవ

"మీ తాత కట్టింది పడవా, జల్లెడా?"

పక్కింటి రెంత కొత్త తొట్టిలోకి తల దూర్చి నవ్వాడు.

సుజుహ కూడా వంగి చూసింది. నిజమే. దేవదారు పలకల మధ్య సన్నటి గీతల్లా ఎండ కనిపిస్తోంది. పలకలన్నిటినీ బయటినుంచి వెదురు బద్దలతో అల్లిన కట్టు బిగించి పట్టుకుంది. ఇన్ని సందులున్నది నీళ్ళమీద ఎలా తేలుతుంది? అడుగుదామంటే తాత కొండమీదికి వెళ్ళాడు.

ఎల్లుండి ఆదివారం. రేవులో నత్తగుల్లలు ఏరడానికి ఏడాదికి ఆ ఒక్క పొద్దుటే అనుమతి. పాత తొట్టి పుచ్చిపోయింది. కొత్తది తేలకపోతే నాయనమ్మ ఒడ్డున నిలబడి పక్కవాళ్ళ బుట్టలు చూడాల్సిందే.

సుజుహ షెడ్డులోంచి లప్పం డబ్బా తెచ్చింది. సందులన్నిటిలో వేలితో కూరింది. పైన రంపపు పొట్టు రుద్దింది. సాయంత్రానికి లప్పం రాయిలా బిగిసింది, చెక్కలో కలిసిపోయింది.

"ఇప్పుడేమంటావ్?" అంది రెంతతో.

శనివారం పొద్దున తాత తొట్టి నిండా నీళ్ళు పోశాడు. మధ్యాహ్నానికి కట్టు కిర్రుమంది. ఒక వెదురు బద్ద టప్పున తెగింది.

తాత తెగినచోట వేళ్ళతో తడిమాడు. "యాభై ఏళ్ళుగా అల్లుతున్నాను. చెయ్యి తప్పింది. ఇక నా పని అయిపోయినట్టే."

"అయిపోతే ఎలా? రేపు నన్ను ఈదుకుంటూ వెళ్ళమంటావా?" అంది నాయనమ్మ. తాత నవ్వలేదు.

సుజుహకి లప్పం గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే తిట్లు తప్పుతాయి. కానీ తాత తన చేతుల వంకే చూసుకుంటున్నాడు.

"తాతయ్యా, సందుల్లో నేను లప్పం పెట్టాను."

"సందుల్లోనా? పిచ్చిదానా! చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఆ చోటు దానికోసం వదిలిందే. నువ్వక్కడ రాయి పెడితే అదెటు పోతుంది? కట్టును తోసింది."

"అంటే నీ చెయ్యి తప్పలేదా?"

"తప్పలేదు!" ఆ సంతోషంలో తాత తిట్టడం మర్చిపోయాడు.

నాయనమ్మ మర్చిపోలేదు. "అడిగితే ఒక్క మాట ఖర్చయ్యేది. అడగనందుకు ఒక పూట పోయింది. పట్టు, ఇదిగో గీకుడు పుల్ల."

సుజుహ వేళ్ళు నొప్పెట్టేదాకా లప్పమంతా గీకింది. పక్కనే తాత కొత్త బద్ద అల్లాడు. మళ్ళీ నీళ్ళు పోస్తే సందులన్నిటిలోంచీ కారిపోయాయి.

"జల్లెడే!" అన్నాడు రెంత గోడమీంచి.

సుజుహ ఇంకో బకెట్ పోసింది. "అక్కడ కూర్చునే బదులు నువ్వూ ఓ బకెట్ తేవచ్చుగా?"

చీకటిపడేసరికి ధార చుక్కలైంది. తెల్లారి చూస్తే తొట్టి కింద నేల పొడిగా ఉంది.

రేవులో నాయనమ్మ తెడ్డు ఊపుతుంటే తొట్టి కాస్త తిరుగుతూ, కాస్త ముందుకు సాగుతూ వెళ్ళింది. సుజుహ అడుగున కూర్చుంది. తన మోకాలి పక్కన పలకల మధ్య ఒక నీటిబొట్టు పుట్టింది. సుజుహ బొటనవేలు దాన్ని నొక్కడానికి వెళ్ళి, మధ్యలో ఆగింది.

"నాయనమ్మా, ఇక్కడ చెమ్మ వస్తోంది. దీన్నేం చేయాలి?"




"ఏమీ చేయకు. చూస్తూ ఉండు."

సుజుహ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ బొట్టు వైపే చూస్తూ కూర్చుంది.