రిమార్కుల గడి

“మీ అమ్మగారి పొటాషియం అదుపులోనే ఉంది. మీకే ఏదో పెరుగుతున్నట్టుంది,” అంది డైటీషియన్, ట్యాబ్‌లోంచి తల ఎత్తకుండా.

లిఫ్ట్ మెకానిక్కి అర్థం కాలేదు. మూడు నెలలుగా అమ్మకి డయాలసిస్. వారానికి మూడు రోజులు ఆమెను ఇక్కడికి తీసుకురావడం, తిన్న ప్రతి ముద్దా, తాగిన ప్రతి గుక్కా యాప్‌లో ఎక్కించడం అతని డ్యూటీ. బంగాళాదుంప ముక్కలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసిన సంగతి కూడా రాస్తాడు. అంత బుద్ధిమంతుడు. పక్కనే మంచం మీద, మెషిన్ నడుస్తుండగా అమ్మ కళ్లు మూసుకుని పడుకుంది.

“నాకేం పెరిగిందండీ?”

ఆమె గొంతు సవరించుకుని చదివింది. “సోమవారం. నీళ్లు ఏడువందల మిల్లీలీటర్లు. ఉప్పు లేదు. రిమార్కులు: డైటీషియన్ గారు నవ్వితే అమ్మ బీపీ తగ్గుతుంది, నాది పెరుగుతుంది.”

అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

“అయ్యో! ఆ గడి నాకొక్కడికే కనిపిస్తుందనుకున్నానండీ!”

“బుధవారం. సగం యాపిల్. రిమార్కులు: వానలో తడిసి వచ్చింది, గొడుగు మీద కోపం. కోపం కూడా బాగుంది.” ఆమె ట్యాబ్ మూసేసింది. “ఇవన్నీ రోజూ పొద్దున్నే నా దగ్గరికొస్తాయి. పన్నెండు రోజులుగా చదువుతున్నాను.”

“పన్నెండు రోజులా! మొదటి రోజే చెప్పొచ్చుగా?”

ఆమె మూసిన ట్యాబ్‌నే తుడవసాగింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అది చూసి మనవాడికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరం అరనిమిషమే.

“అందుకే మీ అమ్మగారి ఫైలు మా సీనియర్ గారికి ఇచ్చేశాను.”

అమ్మ తిండి విషయంలో ఈమె మాట తప్ప ఎవరి మాటా వినదు. తన పిచ్చిరాతల వల్ల అమ్మకి ఆ అండ కూడా పోయిందా?

“తప్పు నాదండీ. కావాలంటే నేను రాను, చెల్లెల్ని పంపిస్తాను. అమ్మని మాత్రం వదలకండి. మీరు చెబితేనే అరటిపండు మానేసింది.”

ఆమె మొదటిసారి తల ఎత్తి అతన్ని చూసింది. “వదలను. ఆవిడ వచ్చిన ప్రతిసారీ పలకరిస్తాను. కానీ పేషెంట్ల ఇంటికి భోజనానికి వెళ్లకూడదని మాకు రూలుంది.” మంచం వైపు చూసింది. “ఇప్పుడావిడ నా పేషెంట్ కాదు.”

ఏ లిఫ్టు ఎందుకాగిందో చిటికెలో కనిపెట్టే మనిషికి ఈ ముక్క బుర్రకెక్కడానికి నిమిషం పట్టింది. ఎక్కాక నోరు చెవులదాకా సాగింది.

అమ్మ ఒక కన్ను తెరిచింది. “ఆదివారం రామ్మా. మా ఇంట్లో ఉప్పులేని వంటే మరి. తినగలవా?”

“ఆ మెనూ రాసిందే నేను కదా, అత్తయ్యా!”

మూడు నెలలుగా ఆంటీ, ఆంటీ అన్న నోరు అది. డైటీషియన్ నాలుక కరుచుకుంది కానీ, మాట మార్చలేదు.