బావగారి పిస్టల్

ఆమె పరుగెడుతోంది.

చేతిలో పిస్టల్. అరచేతి నిండా చెమట. వెనక బూట్ల చప్పుడు.

చీకటి పడి ఎంతోసేపు కాలేదు. డిపో వెనక షెడ్డు మీద వాన దబదబా బాదుతోంది. ఆ రేకుల మోతలో పీక చించుకుని అరిచినా బయటివాళ్లకి వినపడదు.

రిపేరుకొచ్చిన బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. రెండు బస్సుల మధ్య సందులోకి దూరి, టైరు చాటున కూలబడుతుంది.

ఊపిరి తీసుకో... తీసుకో.

ఏళ్ల తరబడి ఈ డిపోలో బస్సు నడుపుతోంది. ఏ బండికి ఏ రోగమో మూతి చూసి చెప్పగలదు. ఇక్కడే ఎలుకలా నక్కాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఇందాక, మేనేజర్ రమ్మంటున్నాడని కబురొస్తే ఆయన గదికి వెళ్లింది. తలుపు తోసేసరికి ఢాం అని మోత. మేనేజర్ కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడ్డాడు. ఎదురుగా సెక్యూరిటీ ఆఫీసర్. చేతిలో పిస్టల్.

ఆ సెక్యూరిటీ ఆఫీసర్ ఆమెకు బావగారు. భర్తకు తోడబుట్టిన అన్న.

భుజాన ఉన్న బ్యాగు తీసి ఆయన మొహాన విసిరికొట్టింది. పిస్టల్ జారి నేల మీద పడింది. ఆమె దాన్ని అందుకుంది. ఇక పరుగే పరుగు.

సెల్‌ఫోన్ తీస్తుంది.  భర్త ఈ డిపోలోనే మెకానిక్కుల ఫోర్‌మన్. ముందు గేటు దగ్గరే ఉంటాడు.

"మీ అన్నయ్య మేనేజర్ని కాల్చేశాడు. నా వెంట పడ్డాడు. వెనక షెడ్డులో ఉన్నాను."

అవతల భర్త గొంతు తగ్గించాడు.

"అక్కణ్ణుంచి కదలకు. పోలీసులకి నేను చెప్తాను. వస్తున్నా."

ఫోన్ కట్.

బూట్ల చప్పుడు ఆగింది.

"అమ్మాయ్..."

బావగారి గొంతు. పెళ్లిచూపుల్లో మాట్లాడినంత నెమ్మదిగా ఉంది.

"అది ఆటబొమ్మ కాదమ్మా. కింద పెట్టు. నీకు దాని సంగతి తెలీదు."

"నొక్కితే పేలుతుంది. అంతే కదా బావగారూ."

"అంతేనా? స్టీరింగ్ తిప్పితే బస్సు తిరుగుతుంది, అంతే కదా అని నిన్నెవరైనా అంటే ఊరుకుంటావా?"

ఆమె వంగుతుంది. కాళ్లు కనిపిస్తాయేమోనని బస్సు కిందనుంచి చూస్తుంది. నీళ్లు, గ్రీజు మరకలు, తీసి పడేసిన బ్రేకు డ్రమ్ములు. మనిషి జాడ లేదు.

"సెమీ ఆటోమేటిక్ అంటారు దాన్ని. సగం పని అదే చేసుకుంటుంది. ఒక గుండు వెళ్లగానే ఖాళీ తూటా బయటికి ఉమ్మేసి, ఇంకోటి నోట్లో పెట్టుకుంటుంది. నువ్వు వేలు నొక్కుతూ ఉంటే చాలు. రివాల్వర్‌కైతే ఆరే. దీని కడుపులో పదమూడు పడతాయి. పల్చగా ఉంటుంది, చొక్కా కింద పెట్టుకున్నా ఎవడూ పోల్చుకోలేడు. మంచి సరుకు. నేనే ఏరికోరి కొన్నాను."

"మరి అంత మంచిదైతే ఎదురుగా రా. చూద్దాం."

బావగారు నవ్వుతాడు. ఆ నవ్వు ఎటునుంచి వచ్చిందో తెలియదు.

"ఏకవచనంలోకి దిగావే! సరే. మంచి చెప్పాను, ఇప్పుడు చెడ్డ విను. మణికట్టు కాస్త వదులుగా పట్టుకున్నావా, తూటా మధ్యలో ఇరుక్కుంటుంది. గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టు. ఇక అటూ రాదు, ఇటూ పోదు. రివాల్వర్ ముసలి ఎద్దులాంటిది, ఎట్లా కొట్టినా అడుగేస్తుంది. ఇది పందెం గుర్రం. స్వారీ తెలియనివాడు ఎక్కితే కింద పారేస్తుంది."

ఆమె పిస్టల్‌ని రెండు చేతుల్లోకి తీసుకుంటుంది. బరువు. చల్లదనం.

నిజమేనా? అబద్ధమా?

అంత నమ్మకం లేని వస్తువైతే, ఎందుకు దాక్కున్నాడు? ఒక్క అంగలో వచ్చి లాక్కోవచ్చుగా. భయపడుతున్నాడంటే, ఇది పనిచేస్తుందన్నమాటే.

కుడివైపు ఏదో కదిలింది.

కాల్చింది.

ఢాం... బస్సు అద్దం భళ్లున రాలింది. చేతిని గాడిద తన్నినట్టయింది. ఖాళీ తూటా ఎగిరి చెంపకు తగిలి, చుర్రుమంది.

"పోయిందా ఒకటి," అంటాడు బావగారు, ఇంకో మూలనుంచి. "అసలు అందులో ఎన్ని మిగిలాయో తెలుసా? రివాల్వర్ అయితే చక్రం చూడగానే లెక్క తెలుస్తుంది. దీనికి ఆ సుఖం లేదు. కడుపు విప్పి చూస్తేగానీ ఆకలి తెలీదు. నేను నింపానో లేదో నీకేం తెలుసు? ఖాళీ పిస్టల్ పట్టుకుని ఎంతసేపు కూర్చుంటావమ్మా?"

ఆమె చీకట్లో పిస్టల్‌ని తడుముతుంది.

పిడి పక్కన చిన్న బొత్తాం తగిలింది. నొక్కుతుంది. మ్యాగజైన్ జర్రున జారి అరచేతిలో పడింది. బొటనవేలితో తడుముతుంది. ఒకదాని మీద ఒకటి... తూటాలు. పైదాన్ని ఊడదీసి, చీకట్లో కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, మళ్లీ లోపలికి తోస్తుంది.

ఇంకా చాలా ఉన్నాయి.

దొంగ సచ్చినోడు... అబద్ధం చెప్పాడు.

మ్యాగజైన్ మళ్లీ టక్కున ఎక్కించి లేచి నిలబడుతుంది. మొదటిసారి కాళ్లల్లోకి బలం వచ్చినట్టు అనిపించింది.

"ఎందుకు చంపావు? ఆయనేం చేశాడు నిన్ను?"

"వాడి నోటి దూల. ఆ లోయలో పడ్డ బస్సుకి పాత బ్రేకులు ఎవరు వేశారో, కొత్తవి ఎవరు అమ్ముకున్నారో రేపు పైవాళ్లకి చెప్తానన్నాడు."

 ఆ బస్సు నడిపినవాడు ఆమె పక్కన కూర్చుని టీ తాగినవాడు. వాడితోపాటు పోయిన ప్రయాణికుల చెప్పులు ఇదే షెడ్డులో కుప్ప పోశారు.

గొంతు వచ్చిన వైపు తిప్పి రెండోసారి కాల్చింది. రేకుకు చిల్లు. అంతే.

అప్పుడు టార్చి వెలుగు.

"నేనే... నేను. కాల్చకు."

భర్త. తడిసి ముద్దయ్యాడు. చేతులకు పని గ్లౌజులు కూడా తీయలేదు. పరుగున వచ్చి ఆమెను బస్సు వైపు లాగి, తను అడ్డంగా నిలబడతాడు.

ఆమె అతని భుజం పట్టుకుంటుంది.

"పోలీసులు వస్తున్నారా?"

"వస్తున్నారు. అదిటివ్వు. చేతులు వణుకుతున్నాయి నీకు."

ఇచ్చేస్తుంది. బరువు దిగినట్టయింది.

భర్త పిస్టల్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. పైభాగం కొంచెం లాగి, గుండు ఉందో లేదో చూసి వదులుతాడు. పానా పట్టుకున్నంత అలవాటుగా.

ఈయన పిస్టల్ ఎప్పుడు పట్టుకున్నాడు?

"మ్యాగజైన్ బయటికి తీసిందా?" అంటాడు భర్త. ఆమెతో కాదు.

"తీసింది," అంటూ బావగారు బస్సు చాటునుంచి తాపీగా వస్తాడు. "మనం అనుకున్నట్టే తూటాలు కూడా తడిమింది. రెండుసార్లు కాల్చింది. వేలిముద్రలకి వేలిముద్రలు, చేతికి తుపాకీ మందు మసి. నిన్న డ్యూటీ కోసం మేనేజర్‌తో గొడవపడ్డది డిపో అంతా చూసింది. ఇంకేం కావాలి?"

ఆమె మొగుడి మొహం వైపే చూస్తుంది.

"పాత బ్రేకులు... మీరేనా?"

అతను చూపు తిప్పుకున్నాడు.

"నేను జైలుకి పోలేను."

"మేనేజర్ని చంపి తనని తాను కాల్చుకుంది," అన్నాడు బావగారు. "కణతకి ఆనించు. దూరంనుంచి కాలిస్తే నమ్మరు."

చల్లటి ఇనుము కణతకు తగిలింది. భర్త చెయ్యి వణికింది. వణుకు ఆపుకోవడానికి ఇంకా గట్టిగా అదిమాడు. కళ్లు మూసుకున్నాడు.

వేలు నొక్కాడు.

ఏమీ కాలేదు.

మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు.

"ఒరే వెధవా, అంత గట్టిగా అదమకు," అని కసిరాడు బావగారు. "గొట్టాన్ని నొక్కిపెడితే పైభాగం వెనక్కి జరుగుతుంది. జరిగితే అది పేలదు. కాస్త ఎడంగా పట్టు."

ఇన్ని లోపాలు చెప్పినవాడు ఇదొక్కటే ఆమెకు చెప్పలేదు.

భర్త చెయ్యి వెనక్కి తీయబోయాడు.

ఆమె తీయనివ్వలేదు.

రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుని, తలని పిస్టల్ మీదికే తోసింది. పొట్టేలు ఢీకొట్టినట్టు. చర్మం చిట్లింది. రక్తం కంట్లోకి కారింది. అయినా తోసింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి. వీపు బస్సుకు తగిలింది. ఇక వెనక్కి జాగా లేదు.

"వదులు... వదలవే!"

వదల్లేదు. దూరం జరిగితే చావు. అంటిపెట్టుకుంటే ప్రాణం. ఏడడుగులు నడిచినవాణ్ణి ఇంత గట్టిగా ఎప్పుడూ అంటిపెట్టుకుని లేదు.

భర్త కంగారుగా నొక్కుతూనే ఉన్నాడు. టిక్కు. టిక్కు. టిక్కు.

"చేతకానివాడా, ఇటు తే!"

బావగారు ఒక్క దూకున వచ్చి, తమ్ముడి మోచెయ్యి పట్టుకుని తనవైపు బలంగా గుంజాడు.

గొట్టం ఆమె కణత మీదనుంచి జారింది.

భర్త వేలు ఇంకా నొక్కుతూనే ఉంది.

ఢాం!

చెవులు గింగురుమన్నాయి. ఆమె కళ్లు తెరిచింది. బతికే ఉంది.

బావగారు తన చొక్కా వైపు వింతగా చూసుకుంటున్నాడు. ఏదో చెప్పబోయాడు. తడి నేల మీద మెల్లగా, అలిసిపోయినవాడిలా కూర్చున్నాడు. తర్వాత పక్కకు ఒరిగాడు.

"అన్నయ్యా..."

భర్త తల ఎత్తాడు. పిస్టల్ మళ్లీ ఆమె వైపు తిరిగింది. ఈసారి కణతకు ఆనించలేదు. రెండడుగుల దూరం.

అప్పుడే షెడ్డు తలుపు బార్లా తెరుచుకుంది.

చెడిపోయిన బస్సునొకదాన్ని లాక్కుంటూ బ్రేక్‌డౌన్ వ్యాన్ లోపలికి వచ్చింది. పెద్ద లైట్లు భగ్గున వెలిగాయి. వ్యాన్ మెట్ల మీద వేలాడుతున్న మెకానిక్కులు, కండక్టరు, డ్రైవరు... అందరూ అలాగే నిలబడిపోయారు.

ఆ వెలుగులో నేల మీద సెక్యూరిటీ ఆఫీసర్. రక్తం కారుతున్న తలతో, ఖాళీ చేతులతో ఒక డ్రైవరమ్మ.

ఆమె మీదికి పిస్టల్ గురిపెట్టి, వాళ్ల ఫోర్‌మన్.