దిడ్డివాకిలి గడియ

గండిమెట్ట దుర్గాన్ని శత్రుసేనలు చుట్టుముట్టి నలభై దినాలైంది. భేరీల మోతకు కొండలు దద్దరిల్లుతున్నా, కోటలోని ప్రముఖులు మాత్రం పప్పులో ఉప్పు తగ్గిందని తగవులాడుకుంటున్నారు.

సాముగరిడీ గురువు మాచమనాయకుడిది ఒక నియమం. తప్పు చేసిన శిష్యుడు కత్తి నేలపై ఉంచి, ఆ తప్పు తన నోటితోనే చెప్పాలి. ఇరవైమంది శిష్యులూ రోజూ ఉత్సాహంగా చెప్పేవారు. "గురుదేవా, నిన్న నేను అతివినయం చూపాను" అని ఒకడు. "పక్కవాడు గురకపెడుతుంటే సహించాను" అని మరొకడు. గురువు తల పట్టుకునేవాడు.

కోట వెనుకనున్న చిన్న ద్వారం, దిడ్డివాకిలికి కాపలాదారు ముసలి కొమ్మడు. అతడు సాయంకాలం అన్నానికి వెళ్లినప్పుడు దాన్ని శిష్యులు కాసేవారు. వంతులు తమలో తాము మార్చుకునేవారు. ఒకనాడు కొమ్మడు తిరిగివస్తుంటే ఎవడో "గడియ వేశాను, తాతా" అని వెళ్లిపోయాడు. కొమ్మడికి చూపు ఆనదు, గొంతులన్నీ ఒకేలా వినిపించే వయసు. గడియ పడలేదు. శత్రువులు చొరబడి ధాన్యపు కొట్టు తగులబెట్టి పోయారు.

మంత్రి సింగనామాత్యుడు క్షణంలో దోషిని కనిపెట్టాడు: కొమ్మడు. సూర్యాస్తమయానికి శిరచ్ఛేదమని రాజు తీర్పు.

"ఎవడురా?" అని గురువు మూడుసార్లు అడిగాడు. గురకను సహించినందుకు కుమిలిపోయిన వీరులలో ఒక్కడూ కత్తి దించలేదు.

విసిగిన గురువు నిండుసభలో తన కత్తినే నేలపై ఉంచాడు.

"మహాప్రభూ! వంతు ముగిశాక ఆ గడియను తడిమి చూడడం నా విధి. ఆనాడు అమాత్యులవారు నా శిక్షణను పొగుడుతుంటే వింటూ కూర్చున్నాను. పదేళ్లుగా పిల్లలచేత తప్పులు చెప్పించాను. నా కత్తి ఒక్కనాడూ నేల తాకలేదు. ఆ శిక్ష నాకు విధించండి."

"గురువుగారి వినయం..." అని మంత్రి అందుకోబోయాడు.

"వినయం కాదు, నాన్నగారూ." శిష్యుల్లోంచి మంత్రి కొడుకు వల్లభుడు ముందుకొచ్చి కత్తి దించాడు. "వంతు నాది. కోడిపందెం చూడబోయాను. తాతతో అబద్ధమాడాను."

"నోరు మూయరా!" అన్నాడు మహావక్త సింగనామాత్యుడు. తక్కిన శిష్యుల కత్తులు ఒక్కొక్కటే ఖణఖణమంటూ నేలకు దిగాయి. ఆనాటి వంతు ఎవరిదో వారందరికీ ముందే తెలుసు.

రాజు కొమ్మడి కట్లు విప్పించి, గురుశిష్యులను ఆ దిడ్డివాకిలికే కాపుంచాడు. మరునాటి దాడిలో విరిగిన తలుపుకు భుజమొడ్డి మాచమనాయకుడు ప్రాణాలు విడిచాడు. కోట నిలిచింది.

ఆపై ప్రతి సాయంకాలం వల్లభుడే గడియ వేసి "వేశాను, తాతా" అనేవాడు. కొమ్మడు మెల్లగా వెళ్లి, చేత్తో తడిమి చూసేవాడు. ఆయన తిరిగి వచ్చేదాకా వల్లభుడు నిలబడే ఉండేవాడు.