కాగితం లేని కుక్క

ఆ కుక్క మొరుగుతూనే ఉంది! ఏలకుల రొట్టె మీద గుడ్డ కప్పి, రోడ్డు దాటి సరస్సు ఒడ్డున తను అద్దెకిచ్చే ఇంటికి నడుస్తున్న వెర్నాకి ఒళ్లు మండిపోయింది. కట్టెల కొట్టం తలుపు లోపలి నుంచి అదిరిపోతోంది. అద్దెకి ఆ అమ్మాయి దిగి పూటన్నా గడవలేదు... అప్పుడే ఇంత గోల! గడప తొక్కినవాళ్లకి రొట్టె పెట్టడం వెర్నా తల్లి నాటి అలవాటు కాబట్టి తెచ్చింది గానీ, లేకపోతే ఈ పిల్ల మొహానికి రొట్టె ఒకటా అనుకుంటూ కొట్టం తలుపు మీద అరచేత్తో గట్టిగా బాదింది. "నోరు మూస్తావా లేదా?" అని కసిరింది. కుక్క ఒక్క క్షణం ఆగింది. తర్వాత మొరగలేదు, మూలిగింది... గోళ్లతో తలుపు చెక్కని గీకడం మొదలుపెట్టింది. తలుపు పాడైతే దానికి వేరేగా వసూలు చెయ్యాలి అని కూడా అనుకుంది వెర్నా! ఆ తర్వాత ఎన్నో రోజులు ఆ ఒక్క ఆలోచన గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి తలెత్తి అద్దంలో చూసుకోవాలనిపించేది కాదు.

వంటింట్లో అడుగుపెట్టగానే రొట్టె చేతిలోంచి జారిపోయింది. ఇనుప పొయ్యి పక్కన ఆ అమ్మాయి నేల మీద పడి గిలగిలా కొట్టుకుంటోంది. పొయ్యి అంచు తగిలిందేమో, నుదురు చీరుకుపోయి జుట్టంతా రక్తం... వెర్నా కిటికీలోంచి భర్తని కేక వేసింది. రోడ్డు అవతల తమ ఇంటి వాకిట్లో పడవకి రంగు వేస్తున్న ఆర్వో పరుగున వచ్చాడు. పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సుకి ఫోన్ చేశాడు. తర్వాత తలెత్తి భార్య వైపు ఒక చూపు చూశాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది!

ఎందుకంటే పొద్దున్న అనాల్సిందంతా అతను అనే ఉన్నాడు మరి. వెర్నా చెడ్డమనిషి కాదు. తల్లి పోయాక ఈ సరస్సు ఇంటిని కన్నబిడ్డలా చూసుకుంటూ, వారానికీ పదిరోజులకీ అద్దెకిస్తూ నెట్టుకొస్తోంది. కానీ కిందటి వేసవిలో ఒకావిడ బంగారు ముద్ర వేసిన సర్టిఫికెట్టు పట్టుకొచ్చి, ఇది జబ్బుమనిషికి సాయంగా ఉండే సర్వీస్ డాగ్, పెంపుడు జంతువులకి కట్టే పెట్ ఫీజు దీనికి కట్టక్కర్లేదు అంది. ఆ ముద్ర చూసి వెర్నా మహా మర్యాద చేసి లోపలికి పంపింది. వెర్నా తల్లి చేత్తో నేసిన పాత గుడ్డల తివాచీని ఆ కుక్క పీలికలు చేసి పోయింది. అలాంటి సర్టిఫికెట్లు ఇంటర్నెట్లో ఎవరైనా కొనుక్కోవచ్చని ఆర్వో తర్వాత చెప్పాడు. ఆ రోజు నుంచీ వెర్నాకి కుక్కని తెచ్చిన ప్రతివాళ్లూ దొంగలే!

అందుకే ఈ పొద్దున్న కైల్ డోర్సీ అనే పేరు మీద బుక్ చేసిన ఇంటికి అతని భార్య ఒక్కతే నల్లటి కుక్కతో టాక్సీ దిగేసరికి, వెర్నా వాకిట్లోనే అడ్డం నిలబడింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. సన్నగా, బెదురు చూపులతో ఉంది. తనకి మూర్ఛ వస్తుందనీ, అది వచ్చే సంగతి తన కుక్క హేజెల్‌కి ముందే తెలుస్తుందనీ, మెసేజ్‌లో కూడా రాశాననీ నెమ్మదిగా చెప్పింది.

కాగితం ఏదీ అని అడిగింది వెర్నా. నిజమైన వాటికి అలాంటి కాగితమేమీ ఉండదని ఆ పిల్ల చెప్పింది. పక్కనే ఉన్న ఆర్వో కూడా బుకింగ్ వాళ్ల నియమం అదేనన్నాడు. సర్వీస్ డాగ్‌కి ఫీజు అడగకూడదు, కాగితం అడగకూడదు, ఆ జబ్బుకి కుక్క అవసరమేనా, అది చేసే పని ఏమిటి అని రెండు ముక్కలు మాత్రం అడగొచ్చు అని వివరించాడు. మొగుడు పరాయిదాని పక్షాన మాట్లాడేసరికి వెర్నాకి ఇంకా పంతం పెరిగింది.

"నీ కుక్క అంత పనిమంతురాలైతే చేయించు మరి, చూస్తాను," అంది.

ఆ పిల్ల మొహం ఎర్రబడిపోయింది. "అది చూపించాలంటే నేను పడిపోవాలండీ," అంది.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న పక్కింటావిడ కూడా ఆ మాట విని చేతిలో పని ఆపేసింది. వెర్నా మాత్రం వెనక్కి తగ్గలేదు. పెట్ ఫీజు కట్టాలి, కుక్క కట్టెల కొట్టంలో ఉండాలి, ఇష్టం లేకపోతే బుకింగ్ రద్దు అని తేల్చి చెప్పింది. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? పోట్లాడతారు, వెళ్లిపోతారు. ఆ పిల్ల అవేమీ చెయ్యలేదు. ఫోన్ తీసి ఫీజు కట్టేసింది. కుక్కని తనే కొట్టంలోకి తీసుకెళ్లి, దాని తల మీద తల ఆనించి ఏదో చెప్పి, తలుపు మూసింది. "ఇల్లు మాత్రం రద్దు చెయ్యకండి. రేపు మా అమ్మ వస్తోంది," అంది. అంత ప్రాణం పెట్టుకోవడానికి ఈ ఇంట్లో ఏముందా అని కూడా వెర్నాకి తోచలేదు. గెలిచాననుకుంటూ రొట్టె పిండి కలపడానికి పోయింది!

అంబులెన్సులో వచ్చినావిడ అమ్మాయి మణికట్టుకి ఉన్న జబ్బు వివరాల పట్టీ చదివి, "ఈమె కుక్క ఎక్కడ?" అని అడిగింది. వెర్నా వెళ్లి కొట్టం తలుపు తీసింది. గోళ్ల దగ్గర రక్తం కారుతున్న కాళ్లతో హేజెల్ ఆమెని దాటుకుని దూసుకుపోయింది. కరవలేదు, కనీసం గుర్రుమనలేదు... నేరుగా ఆ పిల్ల పక్కకి పోయి పడుకుంది. ఇందాక అది అంతలా మొరిగింది మూర్ఛ వస్తోంది, వస్తోంది అని చెప్పడానికేనన్న సంగతి వెర్నాకి అప్పుడు అర్థమైంది. దాన్ని తను తలుపు బాది నోరు మూయించింది!

ఇంటివాళ్లకి ఫోన్ చెయ్యమని ఆవిడ ఆ పట్టీ వెర్నా చేతిలో పెట్టింది. బ్రిటా డోర్సీ. మూర్ఛ. సర్వీస్ డాగ్ ఉంది. కింద ఇంకో పేరు... తల్లి, మార్లిస్. గ్రీన్ బే ఊరి నంబరు.

వెర్నా మెట్ల మీద కూలబడిపోయింది. మార్లిస్ ఆమె సొంత చెల్లెలు. పద్నాలుగేళ్లుగా మాటల్లేని చెల్లెలు! బ్రిటాని చివరిసారి చూసినప్పుడు దానికి పదేళ్లు, కోర పళ్లు రెండు ఊడి ఉన్నాయి.

ఆస్పత్రిలో నుదుటికి ఆరు కుట్లు వేశారు. ప్రమాదం లేదన్నారు. బ్రిటా మత్తులోంచి మళ్లీ కళ్లు తెరిచేసరికి వెర్నా మంచం పక్కనే ఉంది, ఆమె కాళ్ల దగ్గర నేల మీద హేజెల్ పడుకుని ఉంది. ఆ పిల్లే చెయ్యి చాపి, "పెద్దమ్మా," అంది.

వెర్నా ఆ చెయ్యి అందుకోలేకపోయింది. ఏ మొహం పెట్టుకుని అందుకుంటుంది!

తను ఎవరో ముందే చెబితే పెద్దమ్మ వాకిట్లోంచే పొమ్మంటుందేమోనని భయపడి భర్త పేరు మీద బుక్ చేశానని బ్రిటా చెప్పింది. అమ్మమ్మ ఇల్లు ఒక్కసారి చూడాలని అమ్మ ఎప్పుడూ అంటూ ఉంటుందట, పెద్దమ్మ ఎదుటపడుతుందని జంకినా, కూతురి పుట్టినరోజుకని ఎంతో బతిమాలితే ఒప్పుకుందట. రేపు ఆ ఇంటి ఆవిరిస్నానాల గది, సౌనా, వేడెక్కించి, అమ్మ మెత్తబడ్డాక రోడ్డు దాటి వచ్చి పెద్దమ్మని పిలుద్దామనుకుందట. అందుకే అంత మాట అన్నా ఓర్చుకుందట...

"ఇందాక కుట్లు వేశాక నర్సు ఫోన్ కలిపి ఇస్తే అమ్మతో మాట్లాడాను. కుక్కని నేనే మర్చిపోయి బయట వదిలానని, రొట్టె తెచ్చిన మీరే నన్ను చూశారని చెప్పాను. మీరు ఇంకేమీ చెప్పకండి పెద్దమ్మా. తెలిస్తే అమ్మ ఇక జన్మలో మీ గడప తొక్కదు," అంది బ్రిటా.

వెర్నా తల వంచుకుని కూర్చుంది. కాగితం అడగడం ఆమెకి ఇది మొదటిసారి కాదు. తల్లి మంచాన పడి ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు మార్లిస్ మూడు రోజులు రాలేదు. పిల్లకి ఫిట్స్ వచ్చాయి, ఆస్పత్రిలో ఉన్నాం అంది. చర్చి కింద హాల్లో అంత్యక్రియల భోజనాల దగ్గర, ఊరంతా పళ్లేలు పట్టుకుని వింటుండగా వెర్నా చెల్లెల్ని నిలదీసింది. "నిజమైతే డాక్టరు చీటీ చూపించు," అంది. మార్లిస్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

సాయంత్రం నాలుగింటికి మార్లిస్ వచ్చింది. జుట్టు సగం నెరిసింది. మనిషి అచ్చం అమ్మలా అయిపోయింది! కూతుర్ని తడిమి చూసుకుని, చెంప ముద్దు పెట్టుకుని, అప్పుడు వెర్నా వైపు తిరిగింది. రెండు చేతులూ పట్టేసుకుంది. నువ్వు వేళకి రొట్టె పట్టుకుని రాబట్టి నా పిల్ల బతికింది, ఇన్నేళ్లూ నిన్ను ఎన్ని తిట్టుకున్నానో, అవన్నీ నాకే తగలాలి అని ఏడ్చింది. మంచం మీంచి బ్రిటా వద్దు వద్దన్నట్టు కళ్లతోనే బతిమాలుతోంది. ఊరుకుంటే చాలు... చెల్లెలు దక్కుతుంది. నోరు మూసుకుని ఆ చేతులు అలాగే పట్టుకుంటే చాలు!

వెర్నా మెల్లిగా చేతులు విడిపించుకుంది.

"బ్రిటా మర్చిపోలేదు మార్లిస్. కుక్కని కొట్టంలో పెట్టించింది నేను. కాగితం లేదని ఫీజు కూడా కట్టించుకున్నాను. అది మొరుగుతుంటే తలుపు కొట్టి కసిరాను. ఆ వేళకి ఇంట్లో నీ పిల్ల పడిపోతూ ఉంది."

మార్లిస్ మొహంలో రంగు మారిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసి, "అప్పుడూ కాగితమే అడిగావు," అంది.

"అడిగాను. నమ్మకపోయి కాదు..." అంది వెర్నా. పద్నాలుగేళ్లుగా తన మనసులో కూడా ఒప్పుకోని మాట. "అమ్మ ఒళ్లు తుడిచి, పక్క మార్చి, మూడు రోజులు కంటి మీద కునుకు లేకుండా చూసింది నేను. ఆఖరి పొద్దున కళ్లు తెరిచి అమ్మ నీ గురించి అడిగింది. అది ఓర్చుకోలేకపోయాను. నీకు చెప్పకుండా దాచేశాను."

"ఏమడిగింది?"

"'పాపకి తగ్గిందా? మార్లిస్ తిండి తింటోందా?' అని. అంతే. ఇంకేమీ అనలేదు."

మార్లిస్ గోడకి ఆనుకుంది. "అమ్మ నమ్మిందా..." అంది. ఎవరినీ అడిగినట్టు లేదు. రాలేదన్న కోపంతోనే అమ్మ కళ్లు మూసిందని ఇన్నేళ్లూ కుమిలిపోయిన మనిషి! నేల మీద కూర్చుండిపోయి, హేజెల్ మెడ చుట్టూ చేతులు వేసి, వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క భుజం అక్కడే ఉంది, దాని మీద వాలలేదు. వాలమని పిలిచే అర్హత తనకి లేదని వెర్నాకి తెలుసు. కోటు తీసుకుని తలుపు దాకా వెళ్లింది.

"ఎక్కడికి?" అంది మార్లిస్, తలెత్తకుండానే.

"నేను ఇక్కడ ఉండటం నీకు..."

"అమ్మ ఆ మాట ఎలా అందో ఇంకోసారి చెప్పు. మొదటి నుంచి చెప్పు, ఏదీ వదలకుండా." కళ్లు తుడుచుకుంది మార్లిస్. "కూర్చో అక్కా."

వెర్నా కోటు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. క్షమించానని మార్లిస్ అనలేదు. అనమని వెర్నా అడగలేదు. గొంతు సవరించుకుని, ఆ మూడు రోజులూ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.