సగం సగం కూత

పూర్వం తామ్రగిరి రాజ్యంలో కోళ్లన్నీ ఒక్కసారిగా కూయడం మానేశాయి. లేపే దిక్కులేక సూర్యుడు మధ్యాహ్నందాకా ముసుగుతన్ని పడుకునేవాడు. నమ్మరా? అయితే మీరు ఎప్పుడూ పెందలాడే లేచినవాళ్లు కారన్నమాట.

ఆ కూతలన్నిటినీ ఉగ్రదంతుడనే రాక్షసుడు ఎత్తుకుపోయి కుండలో దాచాడు. చదరంగంలో అతని కూతురు చిత్రకేశిని గెలిస్తే కుండ ఇస్తాడు. ఓడితే పావుగా మారి ఆ బల్లమీదే పడివుండాలి. అప్పటికే ఏడుగురు రాకుమారులు పావులయ్యారు. చివరికి పావులు చెక్కే వడ్రంగి కూతురు సింగారి బయలుదేరింది.

ముళ్లడవి దాటింది. మొసళ్ల వాగు ఈదింది. దారికి అడ్డుపడిన ముసలి ఎలుగుబంటి కాలిలో ముల్లు తీసింది. అది సంతోషించి ఆమె చేతిలో తేనెమైనం ముద్ద పెట్టింది. "ఆకలేస్తే నమలడానికే సుమా తల్లీ," అని మరీ చెప్పింది.

రాక్షసుడి గుహలో ఆటగాళ్లకు చెరొక చిల్లు ముంత ఉంటుంది. ఎత్తు ఆలోచిస్తున్నంతసేపూ నీళ్లు కారిపోతుంటాయి. ఎత్తు వేయగానే చిల్లుకు పుల్ల గుచ్చాలి. ముంత ముందు ఖాళీ అయినవారు ఓడినట్టు. సింగారికి భయమేసింది. ఎవరూ చూడకుండా తన ముంత చిల్లును మైనంతో ఇరుకు చేసింది.

ఆట సాగింది. చిత్రకేశి ముంతలో నాలుగు చుక్కలు మిగిలాయి. అయినా ఆ పిల్ల సింగారి ముంతవైపు అనుమానంగా ఒక్క చూపైనా చూడలేదు. సింగారికి చెవులదాకా వేడెక్కింది. మైనం గీకి బల్లమీద పెట్టింది.

"మోసం చేశాను. ఈ ఆట నాది కాదు."

చిత్రకేశి తల కిందికి వాలింది. "నీ ముంతకు మా నాన్న ముందే చిల్లు పెద్దది చేశాడక్కా. ఏడుసార్లూ అంతే. నేనూ నోరు మూసుకున్నాను."

ఉగ్రదంతుడు గుహ కప్పులో ఏదో పోగొట్టుకున్నవాడిలా పైకి చూస్తూ నిలబడ్డాడు. నిజం బయటపడగానే ఏడు పావులూ రాకుమారులై నడుములు పట్టుకుని లేచాయి. వాళ్ల చోట గులకరాళ్లు పేర్చి, సమానమైన ముంతలతో పిల్లలిద్దరూ మళ్లీ ఆడారు. పిట్టలు గింజలేరినంత వేగంగా ఆడారు. ఆఖరికి బల్లమీద ఇద్దరు రాజులే మిగిలారు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. కుండలోని కూతను చెరిసగం పంచుకున్నారు.

ఊళ్లో భేరీలు మోగించి, సింగారిని ఏనుగెక్కించబోయారు. ఆమె ఎక్కలేదు. తాను గెలవలేదనీ, ముందు మోసం కూడా చేశాననీ నేల చూస్తూ చెప్పింది. రాజు ఏనుగును పంపేసి, రోజూ తన పక్కన కూర్చుని తగవులు తీర్చమన్నాడు.

తెల్లవారగానే కోళ్లు "కొక్కొ" అని ఆగిపోయాయి. జనం ఉసూరుమన్నారు. సింగారి తల ఇంకా దించింది. అంతలో దూరాన అడవిలోంచి "రోకో" అని వినిపించింది. అప్పుడు లేచాడు సూర్యుడు. సింగారీ తలెత్తింది.